పరదేశ స్వచ్ఛంద సేవ, యువజీవితాలు: బయ్యారం వైపు నుంచి ఒక సమీక్ష

కూలి తీసుకోకుండా చేసే పనికి తెలంగాణ పల్లెల్లో ఒకటి కంటే ఎక్కువ పేర్లున్నాయి. నిజాం కాలంలో దొరల గడీలకూ సర్కారు అధికారులకూ బలవంతాన చేయవలసి వచ్చింది వెట్టి. ఊరంతా కలిసి చెరువు పూడిక తీసుకున్నా బాట వేసుకున్నా అది శ్రమదానం. పుణ్యం కోరి నలుగురికీ పనికివచ్చేది కట్టించడం ధర్మం. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారంలో తవ్వించిన చెరువుకు ధర్మకీర్తి సముద్రమని పేరు పెట్టడం, 1219 నాటి చెరువు శాసనంలో ఆ సంగతి నమోదు కావడం ఈ మూడో అర్థానికి ఈ ప్రాంతంలోనే దొరికే పాత సాక్ష్యం. ‘వాలంటీరు’ అన్న మాట ఈ వరుసలో చాలా ఆలస్యంగా చేరింది. పైగా పొరుగున ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో 2019లో నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనంతో గ్రామ వాలంటీర్లు వచ్చిన తర్వాత ఆ మాటకు జనం చెప్పుకునే అర్థమే మారిపోయింది. అందువల్ల పరదేశ స్వచ్ఛంద సేవ అంటే ఏమిటో ముందుగా హద్దు గీసుకోవలసి ఉంటుంది: ఒక యువకుడో యువతో తన దేశం లేదా రాజ్యం దాటి, తనది కాని భాష మాట్లాడే మనుషుల మధ్య, జీతం కోసం కాకుండా, తిండికీ వసతికీ సరిపడే భత్యంతోనో సొంత ఖర్చుతోనో, కొన్ని వారాల నుంచి కొన్ని ఏళ్ల దాకా చేసే పనిని మాత్రమే ఇక్కడ ఆ పేరుతో పిలవడం జరిగింది.

అలాంటి సేవ యువజీవితాలను ఎలా మలుస్తుందన్న ప్రశ్నపై సాహిత్యం తక్కువేమీ లేదు. అయితే అందులో అధికభాగం వెళ్లినవారి గురించి, వెళ్లినవారు రాసుకున్నదే. బయ్యారం, గార్ల, డోర్నకల్ వంటి చోట్ల నుంచి చూస్తే ఆ చిత్రంలో సగం ఖాళీగా కనిపిస్తుంది. ఈ ప్రాంతానికి సేవకులు వచ్చారు, ఇక్కడివారు వారికి నీళ్లిచ్చారు, భాష నేర్పారు, చాలా సందర్భాల్లో పని కూడా నేర్పారు. ఆ రాకపోకల్లో ఎవరి జీవితం ఎంత మారిందో తేల్చాలంటే రెండు వైపులా చూడక తప్పదు.

ఈ ప్రాంతంలో అందుకు దొరికే తొలి ఉదాహరణ డోర్నకల్. నేడు అది బయ్యారం మాదిరిగానే మహబూబాబాద్ జిల్లాలో, గార్ల దాటగానే తగిలే రైల్వే జంక్షను. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అది నిజాం రాజ్యంలో ఒక మూల. దక్షిణ కొసన తిరునెల్వేలిలో ఉన్న తమిళ యువకుడికి పాస్‌పోర్టు అక్కరలేకపోయినా అది పరదేశమే, ఎందుకంటే అక్కడ చెల్లే నాణెం వేరు, కచేరీ భాష ఉర్దూ, ఊరి భాష తెలుగు, తండాల్లో, గూడేల్లో వినిపించేవి లంబాడీ, కోయ మాటలు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు భారతీయుల డబ్బుతో, భారతీయుల నిర్వహణలో, భారతీయులనే పంపాలన్న నియమంతో ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించి డోర్నకల్‌ను తమ క్షేత్రంగా ఎంచుకున్నారు. దాని వెనక ఉన్న వేదనాయగం శామ్యూల్ అజరయ్యకు అప్పటికి ముప్పై ఏళ్లు నిండలేదు. ఆయన వైఎంసీఏ అనే క్రైస్తవ యువజన సంఘంలో కార్యదర్శిగా 1895 నుంచి తిరుగుతున్న మనిషి.

ఆ సొసైటీ ఆలోచన పుట్టిన చోటు మరింత గమనించదగ్గది. 1902లో అజరయ్య సముద్రం దాటి జాఫ్నా వెళ్లాడు. అక్కడి తమిళ క్రైస్తవులు, ముఖ్యంగా విద్యార్థులు, తమ చందాలతోనే సేవకులను బయటి ప్రాంతాలకు పంపడం చూసి, తన వాళ్లు ఆ పని ఎందుకు చేయడం లేదన్న ప్రశ్నతో తిరిగివచ్చాడు. సంవత్సరాల తరబడి చేసిన ప్రయాణం కాదది. కానీ పరదేశంలో చూసిన ఒక ఏర్పాటు ఆయన జీవిత దిశను మార్చిందనడానికి తర్వాతి పరిణామాలే రుజువు. 1909లో, ముప్పై అయిదేళ్ల వయసులో, ఆయన కార్యదర్శి పదవి వదిలి డోర్నకల్ వచ్చి తెలుగు అక్షరాల దగ్గర మొదలుపెట్టాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయ్యాడు. 1945 జనవరి 1న మరణించేదాకా డోర్నకల్‌నే అంటిపెట్టుకున్నాడు. 1939లో ప్రతిష్ఠ జరిగిన అక్కడి ఎపిఫనీ కెథడ్రల్‌లో గుడి మంటపాన్ని తలపించే స్తంభాలూ, మసీదును తలపించే గుమ్మటాలూ మినార్లూ ఒకే కట్టడంలో కలిసి ఉండడం చూస్తే, వచ్చినవారు ఈ నేల నుంచి ఎంత తీసుకున్నారో రాతిలోనే చదువుకోవచ్చు.

ఈ కథలో రెండో మనిషి అమెరికన్ షెర్వుడ్ ఎడ్డీ. 1886లో మసాచుసెట్స్‌లోని మౌంట్ హెర్మన్‌లో నూరుమంది విద్యార్థుల ప్రతిజ్ఞతో మొదలై తర్వాతి దశాబ్దాల్లో దాదాపు ఇరవై వేలమందిని విదేశాలకు పంపిన స్టూడెంట్ వాలంటీర్ ఉద్యమం నుంచి వచ్చినవాడు. యేల్‌లో చదివి, 1896లో పాతికేళ్ల వయసులో, వారసత్వపు ఆస్తి ఉన్నందున జీతం అక్కరలేకుండా భారతదేశం చేరి తమిళం నేర్చుకున్నాడు. అజరయ్యతో ఆయనకు కుదిరిన స్నేహం ఇద్దరినీ మార్చింది. అయితే పరదేశ సేవ ప్రభావం ఏ వైపు ప్రవహిస్తుందో చూపేది ఎడ్డీ జీవితపు చివరి అంకం: 1936లో ఆయన మిసిసిపీలో భూమి కొని, పాలికి సాగుచేసే నల్ల, తెల్ల రైతులు ఒకే కూలితో కలిసి పనిచేసే సహకార వ్యవసాయ క్షేత్రాన్ని స్థాపించడంలో ముందు నిలిచాడు. జాతి వివక్ష చట్టంగా ఉన్న ఆ రాష్ట్రంలో అది తేలిక పని కాదు. దానికి భారతదేశపు ఏళ్లే ఏకైక కారణమనడం అతిశయం, వాటిని పక్కన పెట్టడం అంతకంటే పెద్ద పొరపాటు.

ఈ స్నేహానికి మరో ముఖం 1910 జూన్‌లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో బయటపడింది. అక్కడ మాట్లాడిన అజరయ్య పాశ్చాత్య సేవకుల త్యాగాన్ని ఒప్పుకుంటూనే, వారు దానం చేస్తారు గాని సమానులుగా కలిసి కూర్చోరని, తమకు కావలసింది స్నేహితులని నిర్మొహమాటంగా చెప్పాడు. సభలో కొందరికి అది మింగుడుపడలేదు. పరదేశ స్వచ్ఛంద సేవపై ఆతిథ్యమిచ్చిన వైపు నుంచి వచ్చిన విమర్శల్లో ఇంత తొందరగా, ఇంత సూటిగా వచ్చినది అరుదు. దానికి డోర్నకల్‌లోనే ఒక మెలిక ఉంది: తిరునెల్వేలి నుంచి వచ్చిన తమిళులూ ఈ పల్లెలకు బయటివారే, వారి సేవ మతప్రచారంతో విడదీయలేనంతగా కలిసిపోయింది, 1930ల మధ్యలో గాంధీ అజరయ్యతో విభేదించింది సరిగ్గా ఈ అంశం మీదే. సేవ చేసే చేతికి వేరే లక్ష్యం ఉండవచ్చునా అన్న ఆ వాదం మతం విషయంలో సగం చల్లారినా, రాజ్యాల విషయంలో ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధమంతా నడిచింది.

మతంతో సంబంధం లేని శాఖ చరిత్రను క్లుప్తంగా చెప్పుకోవచ్చు. మొదటి ప్రపంచయుద్ధంలో నేలమట్టమైన వెర్డన్ ప్రాంతంలో 1920లో స్విస్ ఇంజనీరు పియర్ సెరెసోల్ నడిపిన పునర్నిర్మాణ శిబిరం నుంచి సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ పుట్టింది. 1934 జనవరి భూకంపం తర్వాత ఆయన కొద్దిమంది సహచరులతో బీహార్ వచ్చి 1937 దాకా ముజఫర్‌పూర్ ప్రాంతపు పల్లెలను తిరిగి కట్టడంలో పాల్గొన్నాడు. 1958లో బ్రిటన్‌లో అలెక్, మోరా డిక్సన్ దంపతులు స్కూలు చదువు ముగించిన పద్దెనిమిదేళ్లవారిని విదేశాలకు పంపే వీఎస్‌వోను ప్రారంభించారు. 1961 మార్చి 1న అమెరికా అధ్యక్షుడు కెనెడీ ఉత్తర్వుతో పీస్ కోర్ మొదలైంది; అదే ఏడాది భారతదేశానికి చేరిన దాని కార్యకర్తలు 1976లో ఆ కార్యక్రమం ఇక్కడ ముగిసేలోగా నాలుగు వేలు దాటారు, కోళ్ల పెంపకం, వ్యవసాయం, పోషకాహారం, సైన్సు బోధన వంటి పనుల్లో దేశమంతా తిరిగారు. 1971 యుద్ధంతో చెడిన దౌత్య సంబంధాల నీడలో ఆ తలుపు మూసుకుంది. వియత్నాం యుద్ధకాలంలో పీస్ కోర్‌లో ఉన్నన్నాళ్లు సైనిక పిలుపు వాయిదా పడే వీలుండడం వల్ల ఆ దారి పట్టినవారూ అందులో ఉన్నారన్నది దాచవలసిన విషయమేమీ కాదు. సేవ వెనక ఉన్న ప్రేరణ ఎన్నడూ వడకట్టిన నీళ్లలా ఉండలేదు.

తెలుగు నేల మీద ఈ శాఖకు, కనీసం దాని మలుపుకు, పెద్ద ఉదాహరణ అనంతపురం. బార్సిలోనాలో 1920లో పుట్టి 1952లో జెస్యూట్‌గా భారతదేశం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్, మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతులతో పనిచేసి, 1968లో దేశం విడిచి వెళ్లవలసి వచ్చి, 1969లో తిరిగివచ్చి అనంతపురంలో స్థిరపడ్డాడు. ఆయనను ఇంటర్వ్యూ చేయడానికి వచ్చిన ఆంగ్ల పాత్రికేయురాలు ఆన్ పెర్రీ 1970లో ఆయనను వివాహమాడి, ఇరవయ్యేళ్లు దాటిన కొత్తలోనే కరువు జిల్లాను తన ఊరుగా చేసుకుంది. 2009లో ఆయన మరణించిన తర్వాత కూడా ఆమె అక్కడే ఉండి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును నడిపించింది. ‘ఆర్డీటీ’ అని జనం పిలిచే ఆ సంస్థకు స్పెయిన్ నుంచి వైద్యులు, క్రీడా శిక్షకులు, ఇతర నిపుణులు వచ్చి పోతుండడం అనంతపురంలో వింత కాదు. అయితే గ్రామాల్లో పనిచేసే సిబ్బంది తెలుగువారే కావడం, బయటివారి వంతు చేతిలో ఉన్న నైపుణ్యం మేరకు పరిమితం కావడం ఆ సంస్థ నిలదొక్కుకోవడానికి ఒక కారణమని చెప్పవచ్చు. ఒక ఎండాకాలం వచ్చి గోడకు రంగు వేసి ఫోటో దిగి వెళ్లే పద్ధతికీ దీనికీ పోలిక లేదు.

ఇక వెళ్లినవారి జీవితం నిజంగా మారుతుందా అన్నది పరిశోధకులకు అనుకున్నంత సులభమైన ప్రశ్న కాదు. తిరిగివచ్చిన వాలంటీర్లను అడిగితే దాదాపు అందరూ మారామనే అంటారు. కానీ వెళ్లడానికి సిద్ధపడినవారు మొదటినుంచే వేరే స్వభావం గలవారై ఉండవచ్చు, డబ్బూ ధైర్యమూ ఉన్న ఇళ్ల నుంచి వచ్చి ఉండవచ్చు. గణాంక శాస్త్రంలో దీన్ని ఎంపిక పక్షపాతం అంటారు: అంటే పోల్చుతున్న రెండు గుంపులు పోలిక మొదలుకాక ముందే తేడాగా ఉండడం. ఈ చిక్కును దాటడానికి సామాజికశాస్త్రవేత్త డగ్ మెకాడమ్ తెలివైన మార్గం కనుగొన్నాడు. 1964 వేసవిలో నల్లజాతివారి ఓటుహక్కు కోసం మిసిసిపీకి వెళ్లిన ఉత్తరాది అమెరికా విద్యార్థులనూ, ఎంపికై కూడా చివరికి వెళ్లనివారినీ రెండు దశాబ్దాల తర్వాత వెతికి పట్టుకుని పోల్చాడు. 1988లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం వెళ్లినవారు మధ్యవయసులోనూ ఉద్యమాల్లో ఎక్కువగా ఉన్నారు, వెళ్లనివారికంటే తక్కువ సంపాదించారు, వివాహబంధంలో ఉన్నవారు వారిలో తక్కువ. అది పరదేశం కాకపోయినా, తమది కాని సమాజంలో గడిపిన ఒక్క వేసవి జీవితాంతం మూల్యం చెల్లించేలా చేయగలదని అది చూపింది.

పరదేశానికే సంబంధించిన మరింత పకడ్బందీ పోలికను లీ క్రాఫర్డ్ 2021లో ప్రచురించాడు. మార్మన్ క్రైస్తవ సంఘం తన యువ సేవకులను ఏ దేశానికి పంపాలో తానే నిర్ణయిస్తుంది, వారి ఇష్టంతో పని లేదు. కాబట్టి ఐరోపాకు పడినవారినీ ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాలకు పడినవారినీ పోల్చితే ఎంపిక పక్షపాతం చాలావరకు తొలగిపోతుంది. పేద దేశాలకు వెళ్లివచ్చినవారికి ప్రపంచ పేదరికం పట్ల ఆసక్తి పెరిగినట్టు తేలింది. కానీ ప్రభుత్వ విదేశీ సహాయానికి మద్దతులో గాని, వలసలను అనుమతించాలన్న అభిప్రాయంలో గాని, సొంత జేబులోంచి ఇచ్చే విరాళాల్లో గాని చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మెకాడమ్ ఫలితానికీ దీనికీ ఉన్న దూరం ఆలోచించదగినది. మిసిసిపీకి వెళ్లినవారు స్థానికులు నడిపే పోరాటంలో వారి చేతికింద పనిచేశారు, ప్రమాదాన్ని పంచుకున్నారు. మార్మన్ యువకులు తమ సంఘపు నియమావళిని మోసుకుని వెళ్లి అదే నియమావళితో తిరిగివచ్చారు. దేశం మారితే మనసు మారుతుందన్న ధీమా కంటే, అక్కడ ఎవరి మాట వినవలసి వచ్చిందన్నదే కీలకమని ఈ రెండూ కలిపి చదివినప్పుడు అనిపిస్తుంది.

ఆతిథ్యమిచ్చేవారి వైపు నుంచి అత్యంత ఘాటైన విమర్శ 1968 ఏప్రిల్‌లో సామాజిక విమర్శకుడు ఇవాన్ ఇలిచ్ చేశాడు. మెక్సికోలో వేసవి సేవకు సిద్ధపడిన అమెరికన్ విద్యార్థుల ముఖం మీదే, భాష రాకుండా, పిలవకుండా వచ్చిన మంచితనం పల్లెటూరివారికి అవమానమని, చూడడానికీ నేర్చుకోవడానికీ రావచ్చు గాని సాయం చేయడానికి రావద్దని చెప్పాడు. ఆ మాట అతిగా తోచినా, తర్వాతి అర్ధశతాబ్దం దానికి బలం చేకూర్చింది. కాంబోడియా, నేపాల్‌లలో విదేశీ వాలంటీర్ల కోసం అనాథాశ్రమాలు వెలసి, తల్లిదండ్రులున్న పిల్లలనే అనాథలుగా చూపిన ఉదంతాలు బయటపడ్డాక, ఐక్యరాజ్యసమితి సాధారణ సభ 2019 డిసెంబర్‌లో బాలల హక్కులపై చేసిన తీర్మానంలో ఆ తరహా పర్యాటక సేవ వల్ల కలిగే హానిని ప్రస్తావించవలసి వచ్చింది. ప్రతి మూడు వారాలకూ కొత్త అక్కకు అలవాటుపడి, ఆమె వెళ్లిపోతే మళ్లీ మొదలుపెట్టే పసిపిల్లకు ఆ అక్క మారిన జీవితంతో పనేముంది?

తెలుగువారు వెళ్లేవారి స్థానంలోకి వచ్చిన కథ ఇటీవలిది, దానికి పెద్ద తలుపు అమెరికా విశ్వవిద్యాలయాలు. 1991లో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థిగా ఉన్న రవి కూచిమంచి మిత్రులతో కలిసి అసోసియేషన్ ఫర్ ఇండియాస్ డెవలప్‌మెంట్‌ను ప్రారంభించాడు. 1998లో అరవింద పిల్లలమర్రితో కలిసి తిరిగివచ్చి నర్మదా లోయ ప్రజలతో పనిచేశాడు. ఆ లోయలోని బిల్‌గావ్‌లో ఊరి వాగు నీటితో కరెంటు పుట్టించిన చిన్న ప్రాజెక్టు 2004లో వచ్చిన ‘స్వదేశ్’ చిత్రానికి ఒక ప్రేరణ అని చెబుతారు. ఈ ఉదాహరణలో దిశ తలకిందులు కావడం విశేషం: పరదేశంలో ఉండగా వారాంతాల్లో చేసిన స్వచ్ఛంద పని చివరికి మనిషిని స్వదేశానికి తెచ్చింది.

అదే అమెరికాలో నేడు వేలాది తెలుగు విద్యార్థులకు వాలంటీరు పని అంటే మరో అర్థం ఉంది. ఎంఎస్ ముగిసిన తర్వాత ఎఫ్-1 వీసా మీద దొరికే పన్నెండు నెలల పని అనుమతిని అందరూ ‘ఓపీటీ’ అంటారు. ఆ కాలంలో ఉద్యోగం లేకుండా గడిపే రోజులు మొత్తం 90 దాటకూడదు. తన చదువుకు సంబంధించిన రంగంలో వారానికి కనీసం 20 గంటలు జీతం లేకుండా పనిచేసినా ఆ రోజుల లెక్క ఆగుతుంది. తర్వాత సైన్సు, ఇంజనీరింగ్ వంటి చదువులవారికి వచ్చే 24 నెలల ‘స్టెమ్’ పొడిగింపులో మాత్రం ఆ వెసులుబాటు లేదు, జీతం ఉండి తీరాలి. కాబట్టి డెబ్బయ్యో రోజు దాటాక నిద్ర పట్టని పిల్లవాడు ఒక లాభాపేక్ష లేని సంస్థకో, ప్రొఫెసర్ ల్యాబుకో మెయిల్ పెట్టి, వాలంటీరుగా చేర్చుకున్నట్టు ఉత్తరం తెచ్చుకుని, ఆ వివరం ప్రభుత్వ పోర్టల్‌లో ఎక్కించి ఊపిరి పీల్చుకుంటాడు. దీన్ని సేవ అనవచ్చునా? వియత్నాం కాలపు పీస్ కోర్ యువకుణ్ణి వాలంటీరు అని ఒప్పుకున్నవారు ఇతణ్ణి కాదనడం న్యాయం కాదు. మొక్కుబడిగా చేరి, ఫుడ్ బ్యాంకు లెక్కల సాఫ్ట్‌వేర్ సరిచేస్తూ, బియ్యం సంచీ కోసం వరుసలో నిలబడే అమెరికన్ పేదవాణ్ణి మొదటిసారి దగ్గరగా చూసే అవకాశం అతనికి అక్కడే దొరకవచ్చు. ఊళ్లో అప్పు తెచ్చి విమానం ఎక్కించిన తండ్రికి మాత్రం జీతం లేని ఆ పని గురించి ఫోన్లో వివరించడం కష్టమే.

బయ్యారంలోనో పక్క తండాలోనో ఉన్న డిగ్రీ విద్యార్థికి ఈ దారుల్లో ఏది తెరిచి ఉందని అడిగితే జవాబు అంత ఉత్సాహకరంగా ఉండదు. ఈ ప్రాంతపు యువత నోట విదేశం అంటే గల్ఫ్ కూలీ, లేదా అప్పు చేసి వెళ్లే ఎంఎస్. 1969 సెప్టెంబర్ 24న 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మందితో మొదలైన జాతీయ సేవా పథకం, అంటే ఎన్‌ఎస్‌ఎస్, కళాశాలల్లో ఉంది. కానీ దాని చలికాలపు శిబిరం పక్క ఊరి దాకానే వెళుతుంది. 1970లో ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన యూఎన్ వాలంటీర్స్ జీవన భత్యం ఇస్తుంది గాని పోటీ తీవ్రం, దరఖాస్తు ఇంగ్లీషులో. ఏఐఈఎస్‌ఈసీ వంటి విద్యార్థి సంస్థల ద్వారా ఆరు నుంచి ఎనిమిది వారాలు వెళ్లాలంటే రుసుమూ విమానం టికెట్టూ సొంతంగా భరించాలి. పాస్‌పోర్టుకు కట్టే 1,500 రూపాయలు ఒక్కటే వారికి అందుబాటులో ఉన్న ఖర్చు.

ఈ అసమానతను ఒప్పుకుని సరిదిద్దబోయిన కార్యక్రమాల్లో జర్మనీ ప్రభుత్వపు వెల్ట్‌వేర్ట్స్ ఒకటి. 2008లో 18 నుంచి 28 ఏళ్ల జర్మన్ యువతను భారతదేశం సహా దక్షిణ దేశాలకు పంపడంతో మొదలైన అది, మీరు వస్తారు గాని మమ్మల్ని రానివ్వరన్న భాగస్వామ్య సంస్థల అసంతృప్తి తర్వాత, 2013 నుంచి ఆ దేశాల యువతనూ జర్మనీకి రప్పించడం మొదలుపెట్టింది. వెళ్లిన ప్రతివారికీ బదులు ఒకరు రాకపోయినా, సూత్రం సరైనది. 1910లో అజరయ్య అడిగిన స్నేహానికి ఇరుగుపొరుగు ఇళ్ల మధ్య ఉండే నియమమే వర్తిస్తుంది: ఒకరి ఇంటికి మాత్రమే వెళ్లే చుట్టరికం చుట్టరికం కాదు.

ఈ సమీక్ష మొత్తంలో నిలబడే తీర్పు ఒకటుంది. వెళ్లిన యువతీయువకులను బలంగా మార్చింది దేశపు దూరమూ కాదు, సేవ పేరూ కాదు. అక్కడి భాష నోటికి పట్టేంత కాలం ఉండడం, స్థానికుల చేతికింద పనిచేయడం, మళ్లీ ముఖం చూపించవలసిన సంబంధం మిగలడం. ముప్పై అయిదేళ్ల వయసులో ఓనమాలు దిద్దిన అజరయ్యకూ, అనంతపురంలో ఉండిపోయిన ఆన్ ఫెర్రర్‌కూ ఈ మూడూ ఉన్నాయి. ఆరు వారాల వేసవి కార్యక్రమాలకు ఒకటీ ఉండదు. అలాంటి కార్యక్రమాలను ప్రయాణంగా, చదువుగా అమ్ముకోవచ్చు, సేవ అని అమ్మడం తగదు.

మిగిలింది చిత్రంలో ఖాళీగా ఉన్న సగం. వచ్చిన సేవకుల ఉత్తరాలూ నివేదికలూ వారి వారి దేశాల భాండాగారాల్లో భద్రంగా ఉన్నాయి. వారికి అన్నం పెట్టినవారు, భాష నేర్పినవారు, జ్వరం వచ్చినప్పుడు పక్కన కూర్చున్నవారు ఎవరో, ఆ పరిచయం తమ పిల్లల చదువునో పెళ్లినో ఎలా మార్చిందో చెప్పగలిగినవారు డోర్నకల్, గార్ల, బయ్యారం ఇళ్లలోనే ఉంటారు, వారి వయసు పెరుగుతోంది. మహబూబాబాద్ జిల్లా కళాశాలల ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థులు వచ్చే శిబిరంలో ఒక వారం పార పక్కన పెట్టి, నోటు పుస్తకం పట్టుకుని ఆ ఇళ్లకు వెళ్లాలి.